గాల్లో బండికి కట్టిన తాడు

మంత్రిగారి మనవరాలు ఒక సినిమా చూస్తూ, "తాతా, హీరో ఏట్లోంచి బయటికొచ్చాడు కదా, జుట్టు తడవలేదేం?" అని అడగడంతో మా మండలి పుట్టింది. మంత్రిగారికి జవాబు తెలియలేదు. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే ప్రభుత్వంలో ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. ఒక భవనం, కొన్ని కుర్చీలు, ఒక జీవో ఇచ్చారు. దాని పేరు చలనచిత్ర దోష నిర్మూలన మండలి. ఏ సినిమా అయినా విడుదలకు ముందు మా దగ్గరికి రావాలి. మేము తప్పులు పట్టాలి. పట్టిన తప్పులన్నీ దిద్దాకే జనానికి చూపించాలి. తప్పులున్న సినిమా చూసి ఆనందిస్తే ఆ ఆనందం కూడా తప్పుల కిందికే వస్తుందని జీవో మొదటి పేజీలోనే రాశారు.

నేను అందులో సహాయ దోషాధికారిని. పేరు గవర్రాజు. మా దగ్గర ఎవరి విభాగం వారిది. హైమావతిగారిది తడిపొడి విభాగం. వాన పాటలో తడిసిన చీర తర్వాతి చరణానికి ఆరిపోయిందంటే ఆవిడ వదిలిపెట్టదు. మస్తాన్‌గారిది నీడల విభాగం. నాయికా నాయకులు కన్నీళ్లతో విడిపోతున్నా సరే, సూర్యుడు ఏ పక్కనున్నాడో ఆయనకు తేలాలి. నాది తాళ్ల విభాగం. ఎగిరే హీరో వీపు వెనక మెరిసే తీగ, పల్టీ కొట్టిన జీపును లాగిన మోకు, చిలకను ఆడించే దారం, ఇవన్నీ నా పరిధిలోవి. తెర మీద వెంట్రుకంత తాడున్నా నా కన్ను పట్టేస్తుంది. ఆఫీసులో నన్ను తాళ్ల గవర్రాజు అంటారు. మొదట్లో వెటకారంగా అనేవారు, తర్వాత గౌరవంగా అనడం మొదలుపెట్టారు. రెండూ వినడానికి ఒకేలా ఉన్నాయి గానీ, గౌరవమేనని నేను నిర్ధారించుకున్నాను.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు విలువ లేదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సత్యవేణిని సినిమాకు తీసుకెళ్లాను. హీరోయిన్ కొండ మీంచి పడిపోతుంటే వేణి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏడవకు, నడుముకి తాడుంది" అని ధైర్యం చెప్పాను. ఆ తర్వాత తను నాతో సినిమాకు రాలేదు. మా అమ్మాయి హారికకు తొమ్మిదేళ్లు. తల్లీకూతుళ్లు నాకు చెప్పకుండా సినిమాకు వెళ్లి, గుడికి వెళ్లొచ్చామని చెప్పేవారు. గుడిలో ప్రసాదంగా పాప్‌కార్న్ పెట్టరని నాకు తెలుసు. అయినా ఆఫీసు బయట తప్పు పట్టే అధికారం నాకు లేదు కాబట్టి ఊరుకునేవాణ్ణి. ఆదివారాలు వాళ్లిద్దరూ వంటింట్లో ఏదో కథ చెప్పుకుని నవ్వుకుంటుంటారు. నేను వెళ్తే నవ్వు ఆగిపోతుంది.

అలాంటి రోజుల్లో "గాల్లో బండి" అనే సినిమా మా ముందుకు వచ్చింది. దరఖాస్తులో "కుటుంబ, అద్భుత, సాహస చిత్రం" అని రాసి ఉంది. మా దోష సంచాలకులు పరాంకుశంగారు ఆ మూడు ముక్కలనూ మూడుసార్లు చదివి, నిబంధనల పుస్తకం తిరగేసి, మమ్మల్నందర్నీ పిలిచారు.

"కుటుంబ చిత్రమును కుటుంబమే పరీక్షించవలెనని నిబంధన స్పష్టముగా ఉన్నది. కావున అధికారులందరూ రేపు తమ తమ కుటుంబములతో హాజరు కావలెను. కుటుంబము చేతనే దోషనిర్ణయం జరిగినట్లు రికార్డులో ఉండవలెను."

హైమావతిగారు చెయ్యెత్తారు. "నాకు కుటుంబం లేదండి. నేనొక్కదాన్నే."

పరాంకుశంగారు మళ్లీ నిబంధనల పుస్తకం తిరగేశారు. "కుటుంబము లేని అధికారికి ఒక కుటుంబమును డెప్యుటేషన్ మీద సమకూర్చవలెను" అన్నారు. అలా మా వాచ్‌మన్ భార్యనూ, ముగ్గురు పిల్లలనూ ఒక్క రోజుకు హైమావతిగారికి కేటాయించారు. ఉత్తర్వు మధ్యాహ్నం భోజనాల వేళకే వచ్చేసింది.

వేణి ఒక పట్టాన ఒప్పుకోలేదు. "మీ పక్కన కూర్చుని సినిమా చూడ్డం నా వల్ల కాదండీ" అంది. ఇది ప్రభుత్వ విధి అని చెప్పాను. ప్రభుత్వం అనేసరికి భయపడి కాదు గానీ, హారిక ఎగిరి గంతేయడంతో ఒప్పుకుంది.

మా పరీక్షా హాలులో ఒక్కో అధికారి కుర్చీకి ఒక్కో గంట ఉంటుంది. తప్పు కనబడగానే గంట నొక్కాలి. సినిమా ఆగుతుంది, లైట్లు వెలుగుతాయి, తప్పు రాయించాలి, మళ్లీ సినిమా మొదలవుతుంది. మామూలుగా ఒక సినిమా చూడ్డానికి మాకు వారం పడుతుంది. కథ ఏమిటో మాలో ఎవరికీ ఎప్పుడూ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

ఈ సినిమా కథ చెబుతాను. నూకాలమ్మ అనే ముసలావిడ, కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలతో కలిసి టిఫిన్ బండి నడుపుతుంటుంది. మబ్బుల్లో చప్పిడాసురుడనే రాక్షసుడుంటాడు. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా ఊళ్లోని రుచులు పైకి వెళ్లిపోతాయి. మిరపకాయ మండదు, బెల్లం తియ్యగా ఉండదు. జనం తినడమూ మానేస్తారు, పోట్లాడుకోవడమూ మానేస్తారు. ఇక లాభం లేదని నూకాలమ్మ కుటుంబమంతా బండెక్కి మబ్బుల్లోకి బయల్దేరుతుంది. దారి చూపించేది ఒక కాకి. ఆ కాకి గుడ్డతో కుట్టిందని చంటిపిల్లలకు కూడా తెలుస్తుంది.

మొదటి సగంలో గంటలు మోగుతూనే ఉన్నాయి. చట్నీ ఒక షాట్‌లో జారుగా, ఇంకో షాట్‌లో గట్టిగా ఉందని హైమావతిగారు. రాక్షసుడికి రెండు కొమ్ములుంటే నీడకు ఒకటే ఉందని మస్తాన్‌గారు. గంట మోగినప్పుడల్లా హారిక ఉస్సూరుమనేది. వేణి నా వైపు చూసేది కాదు.

బండి గాల్లోకి లేచింది. నేను ముందుకు వంగాను. నా ఉద్యోగ జీవితంలో అంత లావు తాడు చూడలేదు. తీగ కాదు, దారం కాదు, బావి మోకు. నాలుగు మూలలా నాలుగు మోకులు, ఒకదానికి ఎర్ర గుడ్డ కూడా కట్టారు. నా చెయ్యి గంట మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే హారిక ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

"నాన్నా, పడిపోతారా?"

తాడుంది, పడరు అనబోయాను. దాని అరచేతులు చెమటతో చల్లగా ఉన్నాయి. తెర మీదే ఉంది చూపు.

"పడరమ్మా" అన్నాను. అంతే అన్నాను.

ఆ చెయ్యి అది వదల్లేదు. నేను విడిపించుకోలేదు. అట్లకాడతో నూకాలమ్మ పిడుగుల్ని తిప్పికొట్టింది. కోడలు ఇడ్లీలు విసిరితే రాక్షసుడి భటులు మబ్బుల్లోంచి టపటపా రాలిపోయారు. ఆ ఇడ్లీలు దూదివని తెలుస్తూనే ఉంది. ఆఖరికి రాక్షసుడు కుటుంబాన్నంతా పిడికిట్లో పట్టుకుంటాడు. వాడి కళ్లల్లో కొడదామంటే నూకాలమ్మ దగ్గర కారం అయిపోతుంది. అప్పుడావిడ ఒక ఇడ్లీ ముక్క అల్లప్పచ్చట్లో ముంచి వాడి నోట్లో పెట్టి, "తిను నాయనా, ఎన్నాళ్లయిందో తిని" అంటుంది. రాక్షసుడి కళ్లమ్మట నీళ్లు కారతాయి. ఆ ఏడుపులో ఎడమ కొమ్ము ఊడి కింద పడింది. ఆ నటుడు దాన్ని తీసి మళ్లీ తగిలించుకుని, ఏడుపు ఆపకుండా కానిచ్చేశాడు.

హాలంతా గొల్లుమంది. హైమావతిగారు డెప్యుటేషన్ పిల్లాణ్ణి కావలించుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. నా రెండు వేళ్లు నోట్లోకి ఎలా వెళ్లాయో తెలియదు. హైస్కూలు తర్వాత మళ్లీ అప్పుడే, హాలు పైకప్పు అదిరేలా ఈల వేశాను.

ఇంటికి వెళ్తుంటే ఆటోలో వేణి నన్నే చూస్తోంది.

"మీకు ఈల వెయ్యడం వచ్చా?"

"వచ్చు."

"ఇన్నేళ్లయింది, చెప్పేరు కాదేం?" అని నవ్వడం మొదలుపెట్టింది. మా వీధి మలుపు దాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు నేను వెళ్తే ఆగిపోయే నవ్వు. నా పక్కన కూర్చుని నవ్వడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"నాన్నా, ఇది ఊళ్లోకొచ్చాక అమ్మమ్మని కూడా తీసుకెళ్దాం. నువ్వు మళ్లీ అక్కడే ఈల వెయ్యాలి. ఒట్టు" అంది హారిక. ఒట్టు వేశాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మీద మెమో ఉంది. "విధి నిర్వహణా సమయమున ఈల" అన్నది విషయం. రెండో సగంలో ఒక్క గంట కూడా మోగలేదని పరిశీలనలో తేలింది. నా ఈల అడ్డొచ్చి నీడలు సరిగా కనబడలేదని మస్తాన్‌గారు రాసిచ్చారు. తమ కుటుంబంలోని చిన్నవాడు గంట మీద కూర్చున్నాడని, సదరు చిన్నవాడు తాత్కాలిక ప్రాతిపదికన వచ్చినవాడు కావున తమకు బాధ్యత లేదని హైమావతిగారు రాసిచ్చారు.

విచారణ పరాంకుశంగారి గదిలో జరిగింది.

"సదరు ఈల మీదేనా?"

"నాదేనండి."

"దోషసహితమైన దృశ్యమును తిలకించి ఆనందించినట్లు అంగీకరిస్తున్నారా?"

"సినిమా బాగుందండి. అందుకని వచ్చేసింది."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "బాగుండుట ఎక్కడ ఉన్నది? చూపించండి."

ఆ రీలు మళ్లీ వేయించారు. చూపించడానికి ఒక పుల్ల పట్టుకుని నేను తెర దగ్గర నిలబడ్డాను. ఆయన ఒక్కో బొమ్మ దగ్గర ఆపించారు. "ఇది తాడు. ఇది దూది. ఇది ఊడిన కొమ్ము. ఇది తగిలించుకొనుచున్న కొమ్ము. దోషమునకు, దోషమునకు మధ్య బాగుండుట ఏ బొమ్మలో ఇమిడియున్నది?"

నేను వెతికాను. నిజంగానే వెతికాను. తాడు ఎక్కడున్నా పట్టేసే కన్ను నాది. కానీ ఆ ఖాళీ హాలులో, ఆపి ఆపి చూస్తుంటే, నాకూ కనబడలేదు.

ఆయన మంచివారే. తలుపు వేయించి గొంతు తగ్గించారు. "గవర్రాజుగారూ, ఆనందించినచో మీరు ఈ ఉద్యోగమునకు పనికిరారు. పెళ్లాం బిడ్డలు కలవారు. నిరానంద ధ్రువీకరణం ఒకటి రాసిచ్చేయండి. ఫైలు మూసేద్దాం."

రాసిచ్చాను. పల్లీ పలుకు ఒకటి పంటి సందున ఇరుక్కోగా, దానిని తొలగించు ప్రయత్నములో సదరు ధ్వని వెలువడినదని, అందు ఆనందము లేశమాత్రమైనను లేదని సంతకం పెట్టాను. మండలి అంగీకరించింది. పరీక్షా హాలులోకి పల్లీలు తేరాదని అదే రోజు సర్క్యులర్ వెళ్లింది.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది. వేణి గరిటె గిన్నెలో అలాగే ఉంచేసింది. "అలాగని రాసిచ్చేసేరా?"

హారిక నా మొహం చూసింది. "నీకు నచ్చలేదా నాన్నా?"

"ఆఫీసులో నచ్చలేదమ్మా."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ఆఫీసు సంగతులు మాట్లాడకూడదు" అన్నాను. అది చారు అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది. ఇంకేమైనా అడిగితే బాగుండుననిపించింది.

ఆనందం లేదని కాగితం మీద రుజువైన అధికారిని నేనొక్కణ్ణే కాబట్టి, ఆ సినిమాను దిద్దే బాధ్యత నాకే అప్పగించారు. దర్శకుడు కొండబాబును పిలిపించారు. ముప్పై ఏళ్లుంటాయి, మనిషి బక్కపలచగా ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు.

"బండి ఎగురుటకు హేతువేమి?" అని అడిగారు పరాంకుశంగారు.

"మా అమ్మ బండి మీద ఇడ్లీలమ్మి నన్ను పెంచిందండి. చలికాలం పొద్దున్నే ఆవిరి గుప్పున లేచేది కదండీ, నేను ఎదురుగా అరుగు మీద కూర్చుని చూసేవోణ్ణండి. ఆ ఆవిరిలో బండి పైకి లేచిపోతన్నట్టే ఉండేదండి. అదేనండి సినిమా, ఇంకేం లేదండి."

పరాంకుశంగారు గుమస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. ఆవిరి విషయమై కాలుష్య నియంత్రణ వారి అభిప్రాయం కోరవలెను."

అప్పట్నుంచి ఆ ఫైలు శాఖలన్నీ తిరిగింది. ఎక్కడికి వెళ్లినా కాస్త బరువెక్కి తిరిగొచ్చేది. తోపుడుబండికి గగన మార్గమున అనుమతి లేదని రవాణా శాఖ రాసింది. దాంతో బండి దిగి, రోడ్డుకు ఎడమ పక్కన నెమ్మదిగా నడిచింది. బండి దిగగానే నాలుగు మోకులూ అక్కర్లేకుండా పోయాయి. నా విభాగానికి సంబంధించినంతవరకు అది పెద్ద విజయమని పరాంకుశంగారు నా వీపు తట్టారు. కాకులు మాట్లాడవని పశుసంవర్ధక శాఖ తేల్చింది. మా కాకి ఒక తీగ మీద కూర్చుని ఊరికే చూస్తూ ఉంటుంది. నూకాలమ్మ తలకు టోపీ, చేతులకు తొడుగులు వచ్చాయి. ఇడ్లీ విసిరే సీను ఆహార వృథా కింద పోయింది.

రాక్షసుడి దగ్గర కొంచెం చిక్కొచ్చింది. ఫలానా వ్యక్తి రాక్షసుడని ఏ తహసీల్దారూ ధ్రువపత్రం ఇవ్వలేదని రెవిన్యూ శాఖ అడ్డుపడింది. చివరికి ఆయన్ను ఉప్పు గోదాములో గుమస్తాను చేశాం. కొమ్ములు తీసేశాం, కళ్లజోడు పెట్టాం. మరి ఊళ్లో రుచులు ఎందుకు పోయినట్టు? వైద్య శాఖను అడిగితే ఊరంతటికీ జలుబు చేసి ఉంటుందన్నారు. అది చాలా సబబుగా ఉందని అందరం ఒప్పుకున్నాం.

ఇక ఆఖరి పోరాటం. చట్టాన్ని చేతుల్లోకి తీసుకోరాదు కాబట్టి నూకాలమ్మ కుటుంబం గోదాము గుమస్తాకు వినతిపత్రం ఇస్తుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "పరిశీలిస్తాం" అంటాడు. శుభం.

"ఈ ముక్క ఎవరు రాశారు?" అని పరాంకుశంగారు మెచ్చుకుంటూ అడిగారు. నేనే రాశాను. కొండబాబు బయటికి నడిచాడు. గుమ్మం బయట చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి, "మా అమ్మకి చూపిద్దామనుకున్నానండి. ఇప్పుడొద్దులెండి" అని వెళ్లిపోయాడు.

దిద్దిన సినిమా ఇరవై నిమిషాలే మిగిలింది. ఇంటర్వెల్ ఎత్తేద్దామంటే సమోసాల వాళ్ల సంఘం ధర్నాకు దిగింది. అందుకని ముందు ఇంటర్వెల్ ఇచ్చి తర్వాత సినిమా వెయ్యాలని నిర్ణయించారు. రాష్ట్రంలోనే తొలి శూన్యదోష చిత్రంగా దానికి ధ్రువపత్రం వచ్చింది. ఊళ్లోని పెద్ద థియేటర్లో విడుదల చేశారు. మంత్రిగారు మనవరాలితో సహా వచ్చారు. మేమందరం వరసగా కూర్చున్నాం. జనం సమోసాలు తిని, సినిమా చూశారు. దగ్గు తప్ప మరే చప్పుడూ లేదు. "పరిశీలిస్తాం" అనగానే లైట్లు వెలిగాయి.

మంత్రిగారి మనవరాలు లేచి నిలబడి అడిగింది. "తాతా, సినిమా ఎప్పుడు మొదలెడతారు?"

మంత్రిగారికి జవాబు తెలియలేదు. దాంతో వారం తిరక్కుండా ప్రేక్షకానంద కల్పన మండలి పుట్టింది. పై అంతస్తు వాళ్లకిచ్చారు. సినిమాలో తప్పు లేదు కాబట్టి తప్పంతా ప్రేక్షకులదేనని, వారికి ఎక్కడ ఆనందించాలో తెలియక నోళ్లు వెళ్లబెట్టారని, అధికారి ఒకరు దగ్గరుండి ప్రారంభిస్తే మిగతావారు అందుకుంటారని మొదటి సమావేశంలోనే తేల్చారు. పరాంకుశంగారు నన్ను పిలిచారు.

"గవర్రాజుగారూ, అభినందనలు. మిమ్మల్ని ఈలల అధికారిగా నియమిస్తూ ఉత్తర్వులు వచ్చినవి."

"నన్నెందుకండి? నేను ఆనందించలేదని రాసిచ్చాను కదండీ."

"అందువలననే. ఆనందం కలిగినచో ఎవరైనా ఈల వేయగలరు. ఆనందము లేశమాత్రమైనను లేకుండ ఈల వేయగలిగినట్లు రికార్డు కలిగిన అధికారి ఈ రాష్ట్రమున మీరొక్కరే." ఆయన సొరుగులోంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టారు. "మీకు పల్లీలు కూడా మంజూరు అయినవి."

మొదటి ఆదివారం ఆటకు వేణినీ, హారికనూ, మా అత్తగారు శేషమ్మగారినీ తీసుకెళ్లాను. ఒట్టు వేశాను కదా. అమ్మమ్మ పక్కన హారిక కూర్చుంది, దాని పక్కన నేను. లైట్లు ఆరగానే దాని చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. బండి కనబడగానే ఆ చెయ్యి బిగుసుకుంది. "అమ్మమ్మా, ఇప్పుడే, ఇప్పుడే ఎగురుద్ది చూడు" అంది. బండి రోడ్డుకు ఎడమ పక్కన నెమ్మదిగా వెళ్లింది. మలుపు దగ్గర చెయ్యి చూపించి తిరిగింది. హారిక ఇంకాసేపు చూసింది. తర్వాత దాని చెయ్యి నా చేతిలోంచి మెల్లగా తీసేసుకుంది.

నాకు ఆ సినిమా మీదా, మా మండలి మీదా, అన్నిటికంటే నా మీదా ఒళ్లు మండిపోయింది. కానీ "పరిశీలిస్తాం" దగ్గర ఈల వెయ్యడం నా విధి. లేచి నిలబడ్డాను. మంజూరైన పల్లీ ఒకటి పంటి సందున ఇరికించాను. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఊదాను. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊదాను. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "ఏంటి మాస్టారూ, వేడిగా ఉందా టీ?" అన్నాడు. హారిక నా వైపు చూసి, నేను చూడగానే తల తిప్పుకుంది. విఫలయత్నమునకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా మర్నాడు మెమో వచ్చింది. జవాబు రాయలేదు. ఏమని రాయను.

తర్వాతి ఆదివారం పొద్దున్న కూరల సంచీతో ఇంటికి వచ్చేసరికి వంటింటి వరండాలోంచి నవ్వులు వినిపించాయి. గుమ్మంలోకి వెళ్లాను. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తగారు అట్లకాడ పట్టుకుని కూర్చున్నారు. కుర్చీ చేతికి కొబ్బరిపీచు తాడు కట్టి ఉంది. తాడు పైనున్న ఉయ్యాల కొక్కెం మీదుగా వెళ్లి హారిక చేతిలోకి వచ్చింది. దాని భుజం మీద పాత చీర ముక్కతో కుట్టిన కాకి ఉంది. వేణి పొయ్యి దగ్గర ఇడ్లీ పాత్ర మూత తీసింది. ఆవిరి గుప్పున లేచింది.

నన్ను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. హారిక తాడును వెనక దాచబోయింది. అంత తాడు దాగుతుందా.

అత్తగారే ముందు తేరుకున్నారు. "మాకు రాక్షసుడు లేడండి అల్లుడుగారూ" అన్నారు.

"నేనుంటానండి" అన్నాను.

హారిక నమ్మలేనట్టు చూసింది. సంచీలోంచి రెండు బెండకాయలు తీసి, నా చెవుల వెనక జాగ్రత్తగా గుచ్చింది. "కూర్చో" అంది. కింద కూర్చున్నాను. నాకు చేతనైనంత గట్టిగా ఊపిరి పీల్చాను. అత్తగారు ఇడ్లీ ముక్క అల్లప్పచ్చట్లో ముంచి నా నోట్లో పెట్టారు.

"తిను నాయనా, ఎన్నాళ్లయిందో తిని."

పచ్చడి మండిపోతోంది. కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. ఎడమ చెవి వెనక బెండకాయ జారి కింద పడింది. తీసి మళ్లీ పెట్టుకుని, ఏడుపు ఆపకుండా కానిచ్చేశాను. వేణి పొయ్యి దగ్గర పడీపడీ నవ్వుతోంది. ఈసారి ఆ నవ్వు ఆగలేదు.

ఇక బండి ఇంటికి ఎగిరి రావాలి. హారిక తాడు రెండు చేతులతో పట్టుకుంది. లాగబోయి ఆగిపోయి, నా మొహంలోకి చూసింది.

"నాన్నా, తాడు కనబడుతోందా?"

చూశాను. బొటనవేలంత లావు తాడు. కొక్కెం దగ్గర ముడి, మధ్యలో ఇంకో ముడి, కుర్చీ దగ్గర ఎర్ర తువ్వాలు చుట్టిన ముడి.

"ఏ తాడమ్మా?" అన్నాను.

హారిక బలమంతా పెట్టి లాగింది. కుర్చీ నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. బండి మాత్రం గాల్లోకి లేచింది. నేను రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. ఈల పక్క వీధి దాకా వినిపించిందట.